పోయినేడు తీసుకుపోయిన నీళ్ళు

ఎన్‌ఎస్‌ఎస్‌లో (జాతీయ సేవా పథకం) నేను సేవ చేద్దామని చేరలేదు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు తేలిక. డిగ్రీ రెండో సంవత్సరంలో సీనియర్ అక్క ఒకామె "సర్టిఫికెట్టు ఉంటే రేపు పనికొస్తది, చేరుమే" అంది. చేరాను. రెండేళ్ళలో 240 గంటలు పని చెయ్యాలి, ఏడాదికి 120 చొప్పున. దానికి తోడు ఏడు రోజుల స్పెషల్ క్యాంపు. ఎరుపు, నీలం రంగుల బ్యాడ్జి ఒకటిచ్చారు, దాని మీద కోణార్క్ రథచక్రం. "నేను కాదు, మీరు" అనేది ఎన్‌ఎస్‌ఎస్ నినాదం అని మొదటిరోజే చెప్పారు. మొదటి ఆరు నెలలు మేం చేసిన సేవ మాత్రం ఇంతే: కాలేజీ ఆవరణలో పిచ్చిమొక్కలు పీకడం, డిసెంబరు 1న ఎయిడ్స్ దినానికి వీఆర్‌సీ సెంటర్ దాకా ర్యాలీ, పెద్దవాళ్ళెవరైనా వస్తే కుర్చీలు సర్దడం. కుర్చీలు సర్దినందుకు కూడా రిజిస్టర్లో రెండు గంటలు వేశారు.

మాది నెల్లూరులో, విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం కింద ఉన్న కాలేజీ. 2019 ఫిబ్రవరిలో క్యాంపుకి ఉదయగిరి వైపు మెట్టలో ఒక ఊరు ఎంచుకున్నారు. ఊరి పేరు రాయను. ఎందుకు రాయనో చదివితే మీకే తెలుస్తుంది.

క్యాంపులో ఏం చెయ్యాలన్న మీటింగులో అందరూ మామూలు జాబితానే చదివారు. స్వచ్ఛభారత్, మొక్కలు, ఒకరోజు మెడికల్ క్యాంపు, చివరిరోజు సాంస్కృతిక కార్యక్రమం. అప్పుడు మా కెమిస్ట్రీ మేడమ్ లేచి, "ఏడు రోజులు రోడ్లు ఊడిస్తే ఎనిమిదో రోజు మళ్ళీ చెత్త పడుద్ది. ఆ ఊరి నీళ్ళు పరీక్ష చేద్దాం, మనకి చేతనైన పని అదొక్కటే" అన్నారు. తర్వాత డిపార్టుమెంటుకి పిలిచి ఒక పాత కథ చెప్పారు. మా జిల్లాలో పుట్టి పెరిగిన నేను ఆ కథ అంతవరకు వినలేదు.

1930ల్లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా రైతులు తమ ఎద్దులు కాడి లాగలేకపోవడం గమనించారట. కీళ్ళు పట్టేసి, లేవలేక, నడవలేక. కొత్త ఎద్దుల్ని కొని తెచ్చినా కొన్నాళ్ళకి అదే తంతు. తర్వాత మనుషుల్లోనూ అదే కనపడింది. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు ఇది నీళ్ళలోని ఫ్లోరైడు వల్ల వచ్చే జబ్బని వైద్య పత్రికలో రాశారు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వచ్చిన తొలి వైద్య నివేదిక అదే. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లావే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయాయి, 1972లో ఆ జిల్లాకి ప్రకాశం అని పేరు మార్చారు. అంటే ఫ్లోరోసిస్ అనగానే అందరం నల్గొండ వైపు చూపిస్తాం గానీ, దేశానికి ఆ జబ్బు మొదట తెలిసింది మా మెట్ట వల్ల.

అమెరికాలో కొలరాడో ప్రాంతపు పళ్ళ డాక్టరు మెకే 1900ల మొదట్లోనే జనం పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు చూసి ఇదేమిటని వెంటపడ్డాడనీ, కారణం ఫ్లోరైడని తేలడానికి 1931 దాకా పట్టిందనీ కూడా మేడమే చెప్పారు. తూర్పు ఆఫ్రికాలో ఇథియోపియా, కెన్యా, టాంజానియాల మీదుగా పోయే రిఫ్ట్ లోయ పొడుగునా ఇదే బాధ. 'గ్లోబల్ హెల్త్' అన్న మాట ఆరోజు మొదటిసారి విన్నాను. అదేదో విమానాల్లో తిరిగేవాళ్ళ వ్యవహారం అనుకున్నాను. మేడమ్ బోర్డు మీద 1.5 అని రాసి, "లీటరుకి ఇన్ని మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ అయితే 1 లోపు ఉండాలంటుంది, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటుంది. ఈ అంకె టాంజానియాలోని అరుషాలోనూ ఇదే, ఉదయగిరిలోనూ ఇదే" అన్నారు.

బస్సు బుచ్చి, సంగం దాటేదాకా కిటికీలోంచి వరి తప్ప ఇంకోటి కనపడలేదు. ఆ తర్వాత నేల ఎర్రబడింది. కంది, పొగాకు, మధ్యలో బీళ్ళు. పెన్న కాలువ నీళ్ళు తాగి పెరిగిన మాకు బోరు నీళ్ళంటే ఏమిటో తెలియదు. బడిలో రెండు గదులు అమ్మాయిలకి, పంచాయతీ ఆఫీసు వరండా అబ్బాయిలకి. మొత్తం యాభై మందిమి.

నీళ్ళ జట్టులో పన్నెండు మందిమి పడ్డాం. సీసాలు ప్లాస్టిక్‌వే ఉండాలి. గాజుతో ఫ్లోరైడుకి పడదు, లెక్క తప్పుతుంది. పంపు కొన్ని నిమిషాలు కొట్టి, గొట్టంలో నిలవున్న నీళ్ళు పోయాక, అవే నీళ్ళతో సీసాని మూడుసార్లు కడిగి, అప్పుడు నిండా పట్టి మూత బిగించాలి. సీసా మీద నంబరు, చోటు, తేదీ, టైము. వినడానికి ఇంతే. మొదటిరోజు ఎండలో చేతిపంపు కొట్టీ కొట్టీ అరచేతులు బొబ్బలెక్కి, నాలుగో సీసాకి వచ్చేసరికి మా వాడొకడు ఒకసారి కడిగి "చాల్లే" అన్నాడు. మేడమ్ ఆ సీసాని నేలమీద పారబోయించారు.

సీసాలతో పాటు మా చేతిలో ఒక ఫారం ఉంది. ఇంగ్లీషులో దొరికిన దాన్ని మేమే రాత్రి కూర్చుని తెలుగు చేశాం. ముప్పై నాలుగు ప్రశ్నలు. "మీ గృహ అవసరాలకు వినియోగించు నీటి వనరు యొక్క రకం ఏది?" అని నేను గట్టిగా చదివితే గడపలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్న ఆమె నా మొహం చూసి, "మీరు ఏ ఊరోళ్ళమ్మా?" అంది. "రోజుకి ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగుతారు?" అన్న దానికి ఇంకా నవ్వింది. ఆ ఇంట్లో నీళ్ళు తాగేది చెంబుతో.

రామాలయం బజారులో అవ్వ ఒకామె ఉంది. డెబ్బై దాటాయో లేదో ఆమెకే తెలియదు. పిలిస్తే మెడ తిప్పి చూడదు, మనిషే మొత్తంగా తిరుగుతుంది. సీసాలు చూసి ఏమీ అడక్కముందే పంపు వైపు చెయ్యి చూపించింది.

"పట్టుకోండి. పోయినేడు కూడా ఎవరో వచ్చి పట్టుకుపోయినారు. అంతకు ముందేడు కూడా. ఏమైనాయమ్మణ్ణీ ఆ నీళ్ళు?"

"పరీక్ష చేసుంటారవ్వా."

"చేస్తే చెప్పరా? రక్తం పరీక్షకిస్తే సాయంత్రానికి కాగితమిస్తారు గదా."

నా దగ్గర జవాబు లేదు. ఫారంలో ముప్పై అయిదో ప్రశ్నగా రాసుకోవలసింది అదే.

ఫ్లోరోసిస్‌ని అనుమానించడానికి చేసే మూడు చిన్న పరీక్షలు మాకు నేర్పారు. మోకాళ్ళు వంచకుండా వంగి కాలివేళ్ళు అందుకోవాలి. గడ్డం ఛాతీకి ఆనించాలి. చేతులు చాచి, మడిచి, తల వెనక తాకాలి. కేంద్రం 2008–09లో మొదలుపెట్టిన ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమంలో చూసేవి ఇవే. తొలి విడతలో తీసుకున్న కొద్ది జిల్లాల్లో మా నెల్లూరు ఒకటి. అవ్వ "నన్ను బడిపిల్లని చేసినారే" అంటూనే ప్రయత్నించింది. గడ్డానికీ ఛాతీకీ మధ్య నా పిడికిలి పట్టేంత సందు మిగిలింది. వంగితే చేతులు మోకాళ్ళ దగ్గరే ఆగిపోయాయి. నేను "చాలవ్వా, చాలు" అన్నాను. అంతకన్నా చూడలేకపోయాను.

నీళ్ళలో ఫ్లోరైడు చూసే కిట్టు ఆమె అరుగు మీదే విప్పాం. గొట్టంలో గీత దాకా నీళ్ళు పోసి రియేజెంటు కలిపితే ముందు గులాబీరంగు. ఫ్లోరైడు లేకపోతే అలాగే ఉంటుంది, పెరిగేకొద్దీ పసుపుకి తిరుగుతుంది. చుట్టూ పిల్లలు మూగారు. మేం చూస్తుండగానే గొట్టంలో చక్కటి పసుపురంగు వచ్చింది.

"పసుపొచ్చింది," అంది అవ్వ సంతోషంగా. "శుభమేగా!"

అప్పుడు మాలో ఎవరం నోరు తెరవలేదు. ఆ కిట్టు తయారుచేసిన వాళ్ళెవరో గానీ, పసుపు అంటే చెడు అని మా ఊళ్ళలో ఎవరు నమ్ముతారు?

మూడోరోజు మేం చేసిన తప్పు చెప్పాలి. బడిలో పిల్లల పళ్ళు చూడమన్నారు. పాలపళ్ళు పోయి వచ్చే పళ్ళు చిగుళ్ళలో తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ళ లోపు, ఆ నీళ్ళు తాగితే పళ్ళ మీద మచ్చలు పడతాయి. ఆ తర్వాత ఎంత తోమినా పోవు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె మాట్లాడేటప్పుడల్లా ఓణీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటోంది. మా జట్టులో ఒకమ్మాయి బతిమాలి, నవ్వించి, ఫోన్లో ఫొటో తీసింది. తీసి ఊరుకోలేదు. "ఈ పాప నవ్వుకి ఎవరు బాధ్యులు?" అని రాసి, ఊరి పేరుతో సహా వాట్సాప్ స్టేటస్ పెట్టింది. మంచి ఉద్దేశమే. ఆ రాత్రి ఆ ఊరి కుర్రాడెవడో ఆ స్టేటస్ చూశాడు. తెల్లారి ఆ పిల్ల తల్లి బడి గేటు దగ్గరికి వచ్చింది.

"రేపు దానికి సంబంధాలు రావాలా వొద్దా? మీ ఇళ్ళల్లో ఆడపిల్లల నోళ్ళు తెరిపించి ఇట్టనే ఊరంతా చూపిస్తారా?"

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. స్టేటస్ తీసేశాం, ఫోన్లోంచి ఫొటో ఆమె ముందే చెరిపేశాం, మేడమ్ వాళ్ళింటికి వెళ్ళి క్షమాపణ చెప్పారు. ఆ పిల్ల మాత్రం మేమున్న మిగిలిన రోజులు బడికి రాలేదు. మేం పోగేసిన గంటల్లో ఆ పిల్ల పోగొట్టుకున్న నాలుగు రోజులు ఎక్కడా రాయలేదు. ఊరి పేరు రాయనన్నది ఇందుకే.

నాలుగో రోజు ఇంకో సంగతి బయటపడింది, అది మా మీదే. ఊళ్ళో మినరల్ వాటర్ ప్లాంటు ఉంది, సగం మంది తాగడానికి క్యాను తెచ్చుకుంటారు. మా ఫారంలో "తాగేనీరు: ఆర్‌ఓ" అని టిక్కులు పడుతుంటే ఫరవాలేదే అనుకున్నాం. సాయంత్రం వంటాయన సాంబారుకి నీళ్ళు పడుతుంటే మేడమ్ వెళ్ళి "ఏ నీళ్ళయ్యా అవి?" అన్నారు. "బడి బోరుదమ్మా." అప్పటికి నాలుగు రోజులుగా యాభై మందిమీ అవే నీళ్ళతో వండిన అన్నం, సాంబారు, ఉప్మా తింటూ ఊరికి నీళ్ళ గురించి పాఠాలు చెబుతున్నాం! వండితే ఫ్లోరైడు పోదు. నీళ్ళు ఆవిరైపోతాయి, అది మాత్రం అన్నంలో, పప్పులో మిగిలిపోతుంది. "వంట ఏ నీళ్ళతో?" అన్న ప్రశ్న మా ముప్పై నాలుగింటిలో లేదు. మర్నాడు ఆ ఒక్క ప్రశ్నతో మళ్ళీ అన్ని ఇళ్ళూ తిరిగాం. క్యాను కొనేవాళ్ళలో కూడా దాదాపు అందరూ వంట బోరు నీళ్ళతోనే. డబ్బులిచ్చి కొన్న నీళ్ళని ఎసట్లో పోస్తారా ఎవరైనా?

ఊళ్ళో పెద్ద వయసు ఆర్‌ఎంపీ ఒకాయన ఉండేవాడు. కుర్రతనంలో నెల్లూరు ప్రజావైద్యశాలలో పని నేర్చుకున్నానని గర్వంగా చెప్పుకునేవాడు. పుచ్చలపల్లి సుందరయ్య గారి తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి గారు నడిపిన ఆసుపత్రి అది. పల్లెల్లో వైద్యం చెయ్యడానికి ఎందరో కుర్రాళ్ళని తయారుచేసింది. ఆయన మా పసుపు గొట్టాలు చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు. "నాకు తెలియక కాదమ్మా. మోకాళ్ళు, నడుము అంటూ వస్తారు. నొప్పి బిళ్ళ ఇస్తా. నేనియ్యకపోతే ఉదయగిరి పోయి కొనుక్కుంటారు. రోజూ మింగితే కిడ్నీ పోద్దని చెప్పినా వినరు. నీళ్ళు మార్చమని చెప్పడానికి నా దగ్గర నీళ్ళు లేవు గదా" అన్నాడు.

ఆఖరి రాత్రి సమావేశంలో అవ్వ అడిగిన మాట చెప్పాను. ఫలితాలు తెచ్చి ఊరికి చెప్పాలి అన్నాను. మా ప్రోగ్రామ్ ఆఫీసర్ సార్ ఇబ్బందిగా కదిలారు. మంచి మనిషే, ఆయన భయం ఆయనది. "రిపోర్టులో రాస్తాం, యూనివర్సిటీకి పోతుంది. ఊళ్ళో చెప్పడానికి మనకి అధికారం లేదు. రేపు ఎవరో బోరు బంద్ చెయ్యమని గొడవ చేస్తే?" అన్నారు. కాసేపాగి ఆయనే నవ్వి, "చదువు చెప్పడానికి పోయి సారా గొడవ తెచ్చిన జిల్లా ఇది. దూబగుంట మర్చిపోయారా?" అన్నారు. 1992లో రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకున్న దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు, అది రాష్ట్రమంతా పాకింది. సార్ అది భయపెట్టడానికి చెప్పారో, మమ్మల్ని పొమ్మని చెప్పారో నాకిప్పటికీ తెలియదు. మేడమ్ మాత్రం ఒక్కటే షరతు పెట్టారు. కిట్టు రంగు చూసి ఎవరికీ ఏమీ చెప్పకూడదు, ల్యాబులో తేలాకే చెప్పాలి.

ల్యాబు సంగతి పొడిగించను. మా కాలేజీలో స్పెక్ట్రోఫొటోమీటరు ఏడాదిగా పనిచెయ్యడం లేదు. ఒక ప్రభుత్వ ల్యాబుకి లెటరు పెట్టాం. సంతకం సరిపోలేదన్నారు, సీలు లేదన్నారు, ఆ సారు సెలవన్నారు. అయిదు వారాలు తిరిగాం. పద్నాలుగు సీసాలు మా హాస్టలు గదిలో మంచం కింద ఉన్నాయి. రూమ్మేటు రాత్రిపూట ఒకటి ఎత్తి తాగబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. చివరికి మేడమ్ తన క్లాస్‌మేట్ పనిచేసే ఇంకో కాలేజీలో అడిగితే, ఫ్లోరైడు కొలిచే ఎలక్ట్రోడు పెట్టి ఒక్క మధ్యాహ్నంలో చేసిచ్చారు.

రామాలయం పంపు 3.8. బడి బోరు 2.6. చింతచెట్టు పంపు 3.1. మినరల్ ప్లాంటు 0.3. ఎవరూ వాడని పాత దిగుడుబావి 0.9. కిట్టులో బాగా పసుపు చూపించి మమ్మల్ని హడలగొట్టిన ఇంకో బోరు 1.4 మాత్రమే. మేడమ్ షరతు పెట్టకపోయి ఉంటే ఆ ఇంటివాళ్ళకి ఆరోజే మీ నీళ్ళు విషం అని చెప్పి వచ్చేవాళ్ళం. దిగుడుబావి చూసి ఎగిరాం గానీ, నా సబ్జెక్టు మైక్రోబయాలజీ. బావి నీళ్ళు క్యాంపులోనే చిన్న సీసాలో పట్టి హెచ్2ఎస్ పరీక్ష పెట్టాను, మర్నాటికి తారులా నల్లబడింది. మలం కలిసిందని గుర్తు. లోతు బోరులో ఫ్లోరైడు, పైబావిలో క్రిములు.

పరీక్షలయ్యాక ఏప్రిల్లో మళ్ళీ ఊరికి బయలుదేరాం. క్యాంపుకి వెళ్ళింది యాభై మంది, తిరిగి వెళ్ళింది ఆరుగురం. ఈ రెండో ప్రయాణానికి గంటలు వెయ్యరు, టీఏ లేదు. బస్సు టికెట్లు మావే. మా అమ్మ "మళ్ళీ ఎందుకే?" అంటే "సర్టిఫికెట్టు పని" అని అబద్ధం చెప్పాను.

ఊళ్ళో ఎక్కడ చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నది బస్సులో కూర్చున్నా తేలలేదు. మిల్లీగ్రాములు పర్ లీటరు అని చెబితే మళ్ళీ వేరుశనక్కాయల ఆమె నవ్వుతుంది. దారి చూపించింది ఆ ఊరే. సాయంత్రం పాలకేంద్రం దగ్గర అందరూ క్యానులు పట్టుకుని నిలబడి ఉన్నారు. పాలు పోసి, మిషన్లో ఫ్యాట్ రీడింగు చూసి, చీటీ తీసుకుని పోతున్నారు. "నీకెంతొచ్చింది?" "ఆరున్నర." చదువు రానివాళ్ళకి కూడా దశాంశాలు నోటికి ఉన్నాయి. రోజుకి రెండుపూటలా వాళ్ళు చదివే అంకె అదొక్కటే, డబ్బులొచ్చేది దాని మీదే.

అక్కడే గోడకి చార్టు అంటించాం. పాలకి రీడింగు వచ్చినట్టే మీ నీళ్ళకీ రీడింగు వచ్చింది, కాకపోతే పాలకి ఎక్కువొస్తే లాభం, నీళ్ళకి తక్కువొస్తే లాభం. ఒకటిన్నర దాటితే తాగడానికీ వద్దు, వంటకీ వద్దు. చోట్ల పేర్లు వాళ్ళు పిలిచేట్టే రాశాం. ఒక్క నిమిషంలో చార్టు ముందు గుంపు. "మా పంపెంత? మూడూ ఎనిమిదా? ఓయమ్మ!" చిన్న చీటీల మీద కూడా రాసుకుపోయాం, పాలచీటీ అంత సైజులో. వాటిని జేబుల్లో, బొడ్లో పెట్టుకున్నారు.

ప్రశ్నలు మొదలయ్యాయి. కాచితే పోదా? పోదు, ఇంకా చిక్కబడుతుంది. గుడ్డతో వడగడితే? పోదు. క్యాండిల్ ఫిల్టరు? పోదు. మినరల్ ప్లాంటాయన వెనక నిలబడి మీసం తిప్పుతున్నాడు. చింతచెట్టు పంపు పక్కింటాయనకి మాత్రం కోపం వచ్చింది. "మా తాతల కాడ్నించి తాగతన్నాం. నా ఇంటి ముందర నీళ్ళకి పేరు పెట్టడానికి మీరెవురు?" అని చార్టు చింపబోతే ఆర్‌ఎంపీ తాత అడ్డం వచ్చాడు. "పేరు పెట్టలేదురా, రీడింగు చెప్పినారు. ఫ్యాట్ తక్కువొస్తే మిషన్ని తిడతావా?" అన్నాడు.

నల్గొండ పద్ధతి కూడా బకెట్టులో చేసి చూపించాం. నాగపూర్‌లోని నీరి సంస్థ కనిపెట్టింది, పటిక, సున్నం కలిపి తేర్చడం. పటిక ఎంత వెయ్యాలన్నది నీటిని బట్టి మారుతుంది. మా కొలత ఎక్కడో తప్పింది. తేరిన నీళ్ళు ఒకాయన నోట్లో పోసుకుని పక్కకి తిరిగి ఉమ్మేశాడు. ఆ పద్ధతి రోజూ ఓపిగ్గా చేసుకునే ఇల్లు ఒక్కటి కూడా అక్కడ లేదని ఆ ఉమ్మితోనే అర్థమైంది. అబద్ధం ఎందుకు, నాకైతే నా హాస్టల్లో రోజూ చేసుకునే ఓపిక ఉండదు.

తినేదాంట్లో పాలు, ఆకుకూరలు, ఉసిరి, నిమ్మ ఉండాలని చెప్పాం. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోతుందని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు చూశారు. అది చెబుతూ, ఇది మందు కాదు, నీళ్ళు మార్చుకోవడమే అసలు సంగతి అని మేడమ్ రెండుసార్లు నొక్కి చెప్పమన్నారు. మేం రెండుసార్లూ చెప్పాం. జనం మొదటి ముక్క ఒక్కటే పట్టుకున్నారు. "అయితే పులుసు తినొచ్చు" అని తేల్చేశారు.

చీకటి పడ్డాక అవ్వ ఇంటికి వెళ్ళాను. చీటీ ఇచ్చి "నీ పంపు మూడూ ఎనిమిది అవ్వా. అంటే మంచిది కాదు. ఆరోజు వచ్చిన పసుపు శుభం కాదు" అన్నాను. చాలాసేపు చీటీని దీపం కింద అటూ ఇటూ తిప్పింది. చదవడం రాదు.

"ఇప్పుడు నా మెడ తిరగదుగా?"

"తిరగదవ్వా. అంతా వెనక్కి రాదు." మేడమ్ అలాగే చెప్పమన్నారు, ఆశ పెట్టవద్దన్నారు.

"సరే. మనవరాలికి మూడేళ్ళు. దానికి పనికొస్తది గదా." చీటీని పోపులపెట్టెలో, డబ్బులు దాచుకునే అరలో పెట్టింది. తర్వాత, "ఇన్నేళ్ళకి తిరిగొచ్చి చెప్పినోళ్ళు మీరే" అంది. పొగిడినట్టు కాదు, లెక్క చెప్పినట్టు.

మా వల్ల ఊరు మారిపోయిందని రాస్తే చాలా బాగుంటుంది, కానీ మారలేదు. బడిలో మధ్యాహ్న భోజనానికి ప్లాంటు నీళ్ళు వాడేట్టు హెడ్‌మాస్టరు గారు ఒప్పించారు. అది ఎన్నాళ్ళు నడిచిందో, మధ్యలో ఆగిందో నేను అక్కడ లేను. కొన్ని ఇళ్ళల్లో అన్నం వరకైనా క్యాను నీళ్ళకి మారారట. ఆ ఏడాది ఆగస్టులో కేంద్రం జల్ జీవన్ మిషన్ ప్రకటించింది. ఊరికి అయిదుగురు ఆడవాళ్ళకి నీళ్ళ కిట్టు వాడడం నేర్పాలని అందులో ఉంది. చదివినప్పుడు నవ్వొచ్చింది, కొంచెం ఈర్ష్య కూడా. మేం యాభై మందిమి బస్సు కట్టుకుని పోయి చేసిన పని చెయ్యాల్సింది అసలు ఆ అయిదుగురే కదా.

నా సర్టిఫికెట్టు వచ్చింది. 240 గంటలు. ఏప్రిల్ ప్రయాణం అందులో లేదు.

పీజీలో చేరాక, ఆ చలికాలంలో ఒక ఆదివారం హాస్టలు వాచ్‌మన్ పిలిచాడు. నెల్లూరులో ఐటీఐ చదివే ఆ ఊరి కుర్రాడు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. సంచిలోంచి లీటరు ప్లాస్టిక్ సీసా తీశాడు. అవ్వ పంపిందట. అవి ఆమె ఊరి నీళ్ళు కావు, కూతుర్నిచ్చిన ఊరివి, కనిగిరి అవతల. కూతురు మళ్ళీ నీళ్ళోసుకుందట, పుట్టబోయే బిడ్డ కోసం రీడింగు కావాలట. సీసాకి కాగితం అంటించి ఉంది. కుర్రాడి చేతే రాయించి ఉంటుంది: ఊరు, బజారు, పంపు, తేదీ, పొద్దున ఏడు గంటలు. కింద ఇంకో లైను: "మూడు తూర్లు కడిగినాం."

మర్నాడు ల్యాబులో అడుక్కుని పెట్టించాను. 2.2. సాయంత్రం కుర్రాడి నంబరుకి చేసి, వాడు ఊరికి ఫోన్ కలిపి కాన్ఫరెన్సులో పెడితే, నేను అంకె చెప్పాను. అవతల కాసేపు ఏం వినపడలేదు.

"రెండూ రెండు," అంది అవ్వ. "ఒకటిన్నర దాటింది గదా?"

"దాటిందవ్వా."

"అయితే అన్నానికి కూడా వొద్దు," అని పక్కన ఎవరికో చెబుతూ ఫోను పెట్టేసింది.